షద్లియా చేపకి ఎనిమిది బుడగలు

రాజధానికి అద్దాలు కొనడానికి వెళ్ళినవాణ్ణి, ఒక్క అద్దం కూడా కొనకుండా మా ఊరు మహ్దియాకి పరిగెత్తుకొచ్చాను. ముప్ఫై ఏళ్ళ వ్యాపారంలో వట్టి చేతులతో తిరిగి రావడం అదొక్కసారే. ఇప్పటికీ ఆ రోజు తలుచుకుంటే కాళ్ళు ఒకచోట నిలవవు.

సంగతేమిటంటే, పాత బజారు మలుపులో గోడ మీద ఒక పోస్టరు చూశాను. నీలం సముద్రం, ఎర్ర పొలుసుల చేప, దాని మూతి దగ్గర నిలువుగా పాకుతున్న నాచు తీగ, ఆ తీగ పక్కన బుడగలు. ఎనిమిది. లెక్కపెట్టక్కర్లేదు, నాకు తెలుసు. ఆ చేప మా వీధి షద్లియాది. ఆ అద్దం ముక్క నేను కోసిందే. కింద అక్షరాలు చదివితే నా తల తిరిగింది. అద్దం మీద బొమ్మలు వేసిన పాతకాలపు గురువు, కీర్తిశేషుడు హాజీ తాహిర్ చిత్రాలట. మనవడు మొంజీ భద్రపరిచిన పన్నెండు బొమ్మలట. వచ్చే శనివారం పదింటికి ప్రదర్శన ప్రారంభమట.

మొంజీ నాకు తెలియనివాడు కాడు. పాత సామాన్ల దుకాణం వాడు. మూడేళ్ళుగా ఏడాదికి రెండుసార్లు కారేసుకుని మా ఊరొచ్చి షద్లియా దగ్గర బొమ్మలు పట్టుకెళుతున్నాడు. దక్షిణాది ఊళ్ళలో పెళ్ళిళ్ళకి ఇస్తున్నానని, పెళ్ళికూతుళ్ళు మురిసిపోతున్నారని చెప్పేవాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని వినడమే గానీ, ఒకరి చేపల్ని తెచ్చి చచ్చిపోయిన తాతకి కట్టబెట్టినవాణ్ణి అప్పుడే చూశాను. షేర్ టాక్సీలో మూడు గంటలూ పక్కన కూర్చున్న ప్రతివాడికీ ఇదే చెప్పాను. దిగేటప్పటికి డ్రైవరు కూడా మొంజీని తిడుతున్నాడు.

షద్లియా ఎవరో చెప్పకపోతే నా కోపం మీకు అర్థం కాదు. నా పేరు బూబకర్, రేవు వెనక వీధిలో నాది అద్దాల కొట్టు. ఆమె నాకు రెండిళ్ళ అవతల ఉంటుంది. పద్నాలుగో ఏట చేపల డబ్బాల ఫ్యాక్టరీలో చేరింది. రోజంతా చేపల తలలు తుంచడం, కడగడం, ఉప్పు దట్టించడం. చేరిన కొత్తలోనే కత్తి జారి కుడిచేతి చూపుడు వేలి కొస అడ్డంగా తెగింది. ఉప్పులో నానుతూ నానుతూ ఆ గాయం సరిగ్గా అతుక్కోలేదు, వేలి మెత్తన మీద గాడిలా మిగిలిపోయింది. ఆమె మొగుడు ఖ్లీఫాకి ఒక పడవా, ఊరంతటికీ సరిపడా నోరూ ఉన్నాయి.

ఆమె నా కొట్టుకి మొదటిసారి వచ్చింది పెళ్ళయిన రెండో ఏట. గాలివానకి వంటింటి కిటికీ అద్దం పగిలిందని కొత్తది కొయ్యమంది. పగిలిన ముక్కల్ని నేను చెత్తలో పడేస్తే, అందులోంచి జానెడు ముక్క ఏరి తెల్ల ముసుగు చెంగులో చుట్టుకుంది.

"అది ఎందుకమ్మా, చెయ్యి తెగుతుంది," అన్నాను.

"ఇంకా తెగడానికి ఏం మిగిలిందన్నా," అని ఆ వేలు చూపించి వెళ్ళిపోయింది.

ఆ వారమే ఖ్లీఫా చెల్లెలి పెళ్ళి. మా ఆచారం ప్రకారం కొత్త జంట శుభం కోరి చేప మీదుగా దాటే రోజు గుమ్మానికి ఏదైనా కడదామని ఆమె ఆలోచన. పడవకి వేయగా అడుగున మిగిలిన రంగులు తీసుకుని, మేక వెంట్రుకలు రెల్లుపుల్లకి చుట్టి, ఆ ముక్క మీద చేప గీసింది. ముందు ఒళ్ళు, పైన పొలుసులు, అన్నీ అయ్యాక చూపుడు వేలు నల్లరంగులో ముంచి కన్ను అద్దింది. ఎవరైనా అలాగే వేస్తారు. ఆరాక చేతిలోకి తీసుకుని అటు తిప్పి చూసిందట. అద్దం లోపల్నుంచి రంగు అప్పుడే నీళ్ళలోంచి తీసినట్టు తళతళలాడుతోందట. ఆ మెరుపుకి మతిపోయి, మెరిసే వైపే బయటికి పెట్టి గుమ్మానికి కట్టేసింది.

పెళ్ళివారు వచ్చారు. షద్లియా అత్తగారు తలెత్తి చూసి, "ఏమేవ్, దీనికి కన్నేదే?" అంది.

నిజమే, లేదు. కన్ను ఒంటి మీద వేసింది కదా, అద్దం వైపు నుంచి చూస్తే ఒళ్ళు అడ్డం. దిష్టి తగలకుండా కట్టిన చేప గుడ్డిదైతే ఇంక దిష్టిని ఆపేదేమిటని ఆడవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. ఖ్లీఫా మాత్రం గుడ్డిది కాబట్టే వలలో పడిందని పెళ్ళాన్ని వెనకేసుకొచ్చాడు.

ఇంకొకరైతే ఆ అవమానానికి అద్దాన్ని సముద్రంలో విసిరేసి ఉండేవారు. షద్లియా మర్నాడు పొద్దున్నే నా కొట్టు తలుపు తట్టి, చెత్తలో ఇంకా ముక్కలున్నాయా అని అడిగింది. కళ్ళు మెరుస్తున్నాయి, చేతులు ఆగడం లేదు. అంతా వెనకనుంచి మొదలుపెట్టాలని ఆమెకి తెలిసిపోయింది. ముందు కన్ను, తర్వాత పొలుసుల గీతలు, ఆపైన ఒళ్ళు, అన్నిటికన్నా చివర సముద్రం. ఎవరూ చెప్పలేదు. చెప్పేవాడెవడూ మా ఊళ్ళో లేడు. ఏడాదిపాటు ఎన్ని ముక్కలు పాడుచేసిందో ఆమెకే తెలీదు. కన్నుకి వేలు పెద్దదైపోతోందని నా దగ్గర ఒక మేకు పట్టుకెళ్ళింది. దాని తల రంగులో ముంచి ఒక్కసారి అద్దితే కన్ను గుండ్రంగా వచ్చేది. ఫ్యాక్టరీ నుంచి వచ్చి, వంట చేసి, రొట్టెల పీట మీద అద్దం పెట్టుకుని మోకాళ్ళ మీద కూర్చునేది. ఖ్లీఫా తన పడవకన్నా చేపలకే ఎక్కువ రంగు పడుతోందని వీధిలో నిలబడి మొత్తుకుంటూనే, రేవులో అందరి పడవల్నుంచీ డబ్బా అడుగు రంగులు అడిగి తెచ్చేవాడు. రెండేళ్ళు తిరిగేసరికి మా ఊళ్ళో షద్లియా చేప లేకుండా పెళ్ళి జరగలేదు. గుడ్డి చేపని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. పొయ్యి పైన మేకుకి కట్టుకుంది.

ఇక పేరు సంగతి. ఇది చెప్పాలంటే నాకు కొంచెం సిగ్గు.

ఆమెకి ముప్ఫై దాటాక ఫ్యాక్టరీ ఆడవాళ్ళకి సాయంత్రం బడి పెట్టారు. షద్లియా పందొమ్మిది రోజుల్లో అరబ్బీలో తన పేరు రాయడం నేర్చుకుంది. ఇరవయ్యో రోజు నా కొట్టులోకి దూసుకొచ్చి, దుమ్ము పట్టిన పెద్ద అద్దం మీద వేలితో రాసి చూపించింది. మొదటి అక్షరం మీద మూడు చుక్కలు, తర్వాత ఒకటి, ఆ తర్వాత కింద రెండు, చివర పైన రెండు. మొత్తం ఎనిమిది చుక్కలూ ఒక్కటి తప్పిపోకుండా పెట్టింది. ఆ దుమ్ము నేను వారం రోజులు తుడవలేదు.

వెంటనే చేప మీద పేరు రాయాలని పట్టు పట్టింది. అద్దం బొమ్మకి చివర్లో సంతకం కుదరదు, సముద్రం కింద మునిగిపోతుంది. అందుకని కన్నుకన్నా ముందు, ఖాళీ అద్దం మీద, బడిలో నేర్పినట్టే కుడి నుంచి ఎడమకి చక్కగా రాసింది. ఆపైన బొమ్మంతా వేసింది. ఆరాక తిప్పి నా కొట్టుకి తెచ్చింది. ఇటు తిప్పేసరికి పేరు మొత్తం ఎడమ కుడైపోయింది. కొట్టులో ఉన్న నలుగురం విరగబడి నవ్వాం. అందరికన్నా పెద్దగా నవ్వింది నేను. దాన్ని గీకి పారేసి, ఇంకోటి తిరగేసి రాయమని సలహా కూడా ఇచ్చాను.

"నేను సరిగ్గానే రాశానన్నా. మీరే అటుపక్క నిలబడ్డారు," అంది.

"చూసేవాళ్ళు అటుపక్కే నిలబడతారు తల్లీ. తిరగేసి రాయడం ఎంతసేపు?"

"సరిగ్గా రాయడానికి పందొమ్మిది రోజులు పట్టింది. ఇప్పుడు తప్పుగా రాయడం కూడా నేర్చుకోమంటావా?"

మాటకి మాట అప్పజెప్పింది. కానీ జనం నవ్వు ఆమెకి గట్టిగానే గుచ్చుకుంది. తర్వాతి బొమ్మ నుంచి పేరుని నిలువుగా నిలబెట్టి, పొడుగ్గా లాగి, ఆకుపచ్చ రంగు వేసింది. చూసినవాళ్ళకి అది నాచు తీగ. చుక్కలు బుడగలు. పేరని తెలిసింది మా వీధిలో కొద్దిమందికే. నేను మాత్రం కనపడ్డప్పుడల్లా, నాచు బాగా పెరిగిందా అని ఏడిపించేవాణ్ణి. పదిహేనేళ్ళు ఏడిపించాను.

మొంజీకి ఆ నాచు నాచులాగే కనిపించింది. మొదటిసారి వచ్చినప్పుడే పొయ్యి పైనున్న గుడ్డి చేపని చూసి కదల్లేదు. ఇవ్వనంటే, ఫోటో తీయించి తెచ్చిస్తానని పట్టుకెళ్ళాడు. మళ్ళీ వచ్చిన ప్రతిసారీ ఆమె అడిగేది, వాడు మర్చిపోయానని లెంపలేసుకునేవాడు.

ఊళ్ళో దిగి నేరుగా షద్లియా ఇంటికి పోయాను. గుమ్మంలో కూర్చుని చేతులకి నిమ్మచెక్క రుద్దుకుంటోంది. రొప్పుతూ అంతా చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. నాచు తీగ పోస్టరులో కనపడిందా అని అడిగింది. కనపడిందన్నాను. గుడ్డిది ఉందా అంది. తెలీదన్నాను. నిమ్మచెక్క పక్కన పెట్టింది.

"ఇరవై ఏళ్ళుగా వేస్తున్నానన్నా. చిన్నప్పుడు నాకు చదువు చెప్పినవాడు లేడు, బొమ్మ నేర్పినవాడు లేడు, పిల్లలు లేరు. నావి అని చెప్పుకోడానికి ఆ చేపలే ఉన్నాయి. వాటిని వదలను," అంది. తర్వాత, "శనివారం నువ్వూ రా. ముఖం చూసుకునే అద్దం, నీ దగ్గరున్న వాటిలో పెద్దది తీసుకురా," అంది.

ముఖం చూసుకునే అద్దం. అర్థమవడానికి నాకు రెండు క్షణాలు పట్టింది. అంత తెలివి మనిషిని పదిహేనేళ్ళు వెక్కిరించానా అనిపించింది.

శనివారం తెల్లారగానే బయల్దేరాం. ఖ్లీఫా పెళ్ళినాటి జుబ్బా తొడిగాడు, అది పొట్ట దగ్గర ససేమిరా అంటోంది. దుప్పటి చుట్టిన నిలువుటద్దాన్ని ముగ్గురి ఒళ్ళోనూ అడ్డంగా పెట్టుకున్నాం. పెళ్ళికా అని డ్రైవరు అడిగాడు. అలాంటిదే, కాకపోతే పెళ్ళికొడుకుని తన్నాలి అన్నాడు ఖ్లీఫా.

హాలు నిండా జనం. మంచి బట్టలు, మంచి సెంట్లు. గోడ మీద వరసగా పదకొండు చేపలు, బంగారు రంగు ఫ్రేముల్లో. వాటిని అంత వెలుగులో నేనెప్పుడూ చూడలేదు. ఒక్కో అద్దం నా చేత్తో కోసిందే అయినా, కొత్తగా చూస్తున్నట్టు దగ్గరికెళ్ళి చూశాను. పన్నెండోది విడిగా, ఎదురుగోడకి. గుడ్డి చేప. దాని పక్కన నిలబడి మొంజీ మాట్లాడుతున్నాడు. తాతగారికి చివరి రోజుల్లో చూపు పోయిందట, ఆ దుఃఖంలో కన్ను లేని చేపని వేశాడట. ముందు వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంటోంది.

"మా చెల్లెలి పెళ్ళిలో నవ్వులపాలైన చేప రా అది," అని ఖ్లీఫా పళ్ళు నూరాడు.

షద్లియా జనాన్ని తప్పించుకుంటూ ముందుకి పోయింది. హాలుని నడిపే ఆవిడ పేరు దలెందా. కళ్ళజోడు, పొట్టి జుట్టు, ముఖంలో నవ్వు లేదు. షద్లియా ఆవిడ ఎదురుగా నిలబడి ఆ బొమ్మలు తనవని చెప్పింది. హాలంతా ఇటు తిరిగింది.

మొంజీ తెల్లబోయాడు, కానీ వెంటనే తేరుకున్నాడు. జాలిగా నవ్వుతూ ఈవిడ తనకి ఊళ్ళలోంచి పాత బొమ్మలు సేకరించి ఇచ్చే మనిషేనని అందరికీ పరిచయం చేశాడు. "మంచిదే పాపం. చదువూ సంధ్యా లేదు, ఎవరో ఎక్కించి పంపారు," అన్నాడు.

"నాకు చదువొచ్చమ్మా," అంది షద్లియా, వాడితో కాదు, దలెందాతో. "నా పేరు రాయడం వచ్చు. ఆ బొమ్మల మీద రాసే ఉంది."

దలెందా ఒప్పుకోలేదు. మూడు వారాలుగా ఆ బొమ్మల్ని అంగుళం అంగుళం చూశానని, ఎక్కడా పేరు లేదని ఖండితంగా చెప్పింది. షద్లియా నా వైపు తిరిగి తల ఊపింది. నేను దుప్పటి తీశాను. మొదటి చేపకి ఎదురుగా అద్దాన్ని పట్టుకుని నిలబడ్డాను. బరువుకి ఒరిగిపోతుంటే ఖ్లీఫా ఒక పక్క పట్టాడు. ఆ నాచు తీగని అద్దంలో చూసి, తల పక్కకి వంచి చదవమంది షద్లియా.

దలెందా తల వంచింది. ఇంకొంచెం వంచింది. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది. "ష..." అంది. తర్వాత పూర్తిగా, హాలు చివరిదాకా వినపడేలా, "షద్లియా," అని చదివింది.

ఇక ఆ సందడి చూడాలి. జనం మా మీద పడ్డారు. అందరి మెడలూ పక్కకి వాలిపోయి ఉన్నాయి. అద్దం మోస్తూ నేనూ ఖ్లీఫా పీతల్లా పక్కపక్కకి నడుస్తున్నాం. రెండో చేప, షద్లియా. మూడోది, షద్లియా. అయిదో బొమ్మకి వచ్చేసరికి హాలు మొత్తం ఒక్క గొంతుతో చదువుతోంది. ఎవరైనా ఆ పేరుని తర్వాత చేర్చి ఉండొచ్చు కదా అని మొంజీ ఏదో గొణిగాడు. దలెందా వాడి ముఖం కూడా చూడకుండా, అది అద్దాన్ని అంటుకున్న మొదటి పూత అనీ, దాని మీద సముద్రం వేశారనీ, అది లేకుండా మిగతా బొమ్మే లేదనీ చెప్పింది. పదకొండూ అయ్యాయి. నాకు చెమటలు కారిపోతున్నాయి, ఖ్లీఫా జుబ్బా కుట్లు రెండు విడిపోయాయి, ఇద్దరికీ పట్టలేదు.

పన్నెండోది మిగిలింది. దానికి నాచు లేదు.

మొంజీకి ఊపిరొచ్చింది. గొంతు పెంచి, ఇదే గురువుగారి అసలు బొమ్మ అన్నాడు. దీన్నే చూసి ఈవిడ మిగతా పదకొండూ కాపీ కొట్టిందట, అది తెలియక తాను మోసపోయాడట. ఎంత తేలిగ్గా మాట మార్చాడో చూడండి. జనం గొంతులు తగ్గాయి. దలెందా షద్లియా వైపు చూసింది. అప్పటికి తనకి రాయడం రాదని షద్లియా చెప్పింది. మొంజీ పకపకా నవ్వాడు. అద్దం కింద పెట్టేశాను.

"తిప్పండి," అంది షద్లియా.

ఎవరికీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. జేబులోంచి అద్దం కోసే కట్టరు తీసి, గోడ మీంచి చేపని దించి, ఆ బంగారు ఫ్రేము వెనక అట్టకి కొట్టిన మేకులు ఒక్కొక్కటే పీకాను. మొంజీ అడ్డం రాబోతే దలెందా చేత్తో ఆపింది. అట్ట ఊడొచ్చింది. చేపని వెనక్కి తిప్పి పైకెత్తాను.

కన్ను ఉంది. నల్లగా, కొంచెం కోలగా, నేరుగా హాలులోకి చూస్తోంది. ఇరవై ఏళ్ళుగా ఆ అట్టకో, ఆ పొయ్యి గోడకో చూస్తూ ఉన్న కన్ను. దాని నడుమ అడ్డంగా ఒక సన్నటి గీత ఖాళీగా ఉంది. అక్కడ రంగు అంటలేదు.

ఆ గీత ఏమిటని దలెందా అడిగింది. షద్లియా దగ్గరికొచ్చి కుడిచేతి చూపుడు వేలు చాపి కన్ను మీద ఆనించింది. వేలు తీసి దలెందా ముందు పెట్టింది. దలెందా ఆ వేలి మీద గాడిని చూసింది, కన్నులో గీతని చూసింది, మళ్ళీ వేలిని చూసింది. తర్వాత ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని వదల్లేదు. చప్పట్లు ఎవరు మొదలుపెట్టారో తెలీదు గానీ, నా చెవులు గింగురుమన్నాయి. మొంజీ ఎటునుంచి జారుకున్నాడో ఎవరూ చూడలేదు.

పదకొండు బొమ్మలూ ఆ గోడ మీదే ఉన్నాయి, షద్లియా పేరుతో. ప్రతి దాని పక్కనా చిన్న అద్దం పెట్టారు. గుడ్డి చేపని మాత్రం ఇమ్మంటే ఇవ్వనంది, పొయ్యి దగ్గర చోటు ఖాళీగా ఉందంది. సాయంత్రం టాక్సీలో దాన్ని గుండెలకి హత్తుకుని కూర్చుంది. నిలువుటద్దం మళ్ళీ మా ముగ్గురి ఒళ్ళో అడ్డంగా ఉంది. ఖ్లీఫా అప్పుడే డ్రైవరుకి మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టాడు, ఆ రంగులన్నీ తన పడవవేనని నొక్కి చెబుతున్నాడు.

నాకు లోపల ఒకటే కెలుకుతోంది. చివరికి ఉండబట్టలేక అన్నాను.

"చెల్లీ, ఆ రోజు నీ పేరు గీకి పారెయ్యమన్నాను."

"అన్నావు."

"గీకేసి ఉంటే?"

"నేను విన్లేదు కదన్నా. ఇప్పుడెందుకు ఏడవడం," అంది.

ఏడవట్లేదని కసిరాను. కిటికీలోంచి ఎండ పడుతోంది. ఒళ్ళో ఉన్న అద్దంలోకి వంగి చూసుకుంటే, నిజంగానే ఏడుస్తున్నాను.